అప్‌డేట్: అంచనా మించిన ప్రయాణ ఖర్చుల క్లెయిమ్ మంజూరైంది

నేను స్వచ్ఛందంగా పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు సమావేశానికి వెళ్లివచ్చాక, ఖర్చు ముందుగా ఆమోదించిన అంచనా కంటే 14 శాతం పెరగడంతో నా క్లెయిమ్ మొత్తం ఆగిపోయిందని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. నిన్న డబ్బు ఖాతాలో జమ అయింది. ఓపికగా జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ప్రాజెక్టు కోశాధికారి చెప్పినదాని ప్రకారం, అసలు అడ్డంకి అంచనా మించడం కాదు. నేను జతచేసిన విమాన టికెట్ పత్రంలో బుకింగ్ ఖరారైనట్టు ఉందే తప్ప, డబ్బు చెల్లించినట్టు ఎక్కడా లేదు. కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క పద్దు మాత్రమే కనిపించేలా, మిగతా వరుసలనూ కార్డు నంబరునూ కప్పేసి పంపమని మీలో ఒకరు ఇచ్చిన సలహాయే పనిచేసింది. బ్యాంకు వేసిన మారకపు రేటు కూడా ఆ పద్దులోనే ఉండడంతో, పెరిగిన మొత్తంలో ఎక్కువ భాగం రేటు తేడాయేనని దానంతటదే రుజువైంది. మిగిలినది అంచనాలో నేను రాయని లగేజీ రుసుము. దానికి సవరించిన ఆమోదం కోరగా రెండు రోజుల్లో ఇచ్చారు కానీ, విరాళాలతో నడిచే ప్రాజెక్టు కనుక ప్రయాణానికి ముందే అడిగి ఉండవలసిందని ఇప్పటికీ అనిపిస్తోంది.

బోర్డింగ్ పాస్ పోవడం గురించి అనవసరంగా కంగారుపడ్డాను. దాన్ని ఎవరూ అడగలేదు. హోటల్ రసీదుపై అక్షరాలు వెలిసిపోయినా, రసీదు ఇచ్చిన రోజే నేను తీసిన దాని ఫోటోను అంగీకరించారు.