‘-తాను’ కనిపిస్తే ‘విల్’ పెట్టేయడమేనా?

పటమట అమ్మ: మా వాడు ఎనిమిదో తరగతి. ‘ఐ విల్ గో టు స్కూల్ బై బస్ ఎవ్రీ డే’ అని రాస్తే స్కూల్లో ‘విల్’ మీద ఎర్ర గీత కొట్టారు. అడిగితే, “ట్యూషన్ సారే చెప్పారమ్మా, చివర తాను, తాడు, తుంది వస్తే విల్ పెట్టమని” అంటాడు. ఎవరి మాట నమ్మాలి?

బ్రాడీపేట మాస్టారు: నేనూ అలాగే చెప్తానమ్మా. వ్యాకరణమంతా వచ్చాక మాట్లాడమంటే పిల్లాడు నోరే తెరవడు. ముందు వాక్యం రానివ్వండి, తర్వాత దిద్దుకోవచ్చు.

కృష్ణలంక: ఆ దిద్దుకోవడమే జరగట్లేదు మాస్టారూ! డిగ్రీ అయ్యి ఇంటర్వ్యూకి వెళ్లినవాడు కూడా ‘ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్ డైలీ’ అంటున్నాడు. రేపు వెళ్తాను, రోజూ వెళ్తాను: మనకి రెండిటికీ ఒకటే రూపం. ఇంగ్లీషులో రేపటికి ‘విల్ గో’, రోజువారీకి ఒట్టి ‘గో’. ‘రేపా, రోజూనా?’ అని ఒక్క ప్రశ్న నేర్పితే చాలు.

ఇంకోటి. బెంజ్ సర్కిల్ దగ్గర మబ్బు కమ్మితే ‘వాన పడేలా ఉంది’ అంటాం, అది ‘గోయింగ్ టు రెయిన్’. ఫోన్ మోగితే ‘ఉండు, నేను తీస్తా’ అంటాం. అప్పటికప్పుడు అనుకున్నది కాబట్టి ‘ఐల్ గెట్ ఇట్’. టికెట్లు తీసుకుని ‘ఆదివారం గుంటూరు వెళ్తున్నాం’ అంటే ‘వియ్ ఆర్ గోయింగ్’. ఈ తేడాలన్నీ మన నోట్లో ఉన్నవే. చెడగొడుతున్నది ఆ సూత్రం.

బ్రాడీపేట మాస్టారు: ఇంత చెప్పి ‘షల్’ వదిలేశారేం? మా రోజుల్లో ఐ, వియ్ పక్కన విల్ రాస్తే మార్కు పోయేది.

కృష్ణలంక: ఆ నియమం 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో ఉంది. ఆయన గణితంవాడు, అనంతానికి వాడే గుర్తు కూడా ఆయనదే. ఇప్పుడు మామూలు మాటల్లో షల్ మిగిలింది ‘కిటికీ తీయనా?’ లాంటి చోట: ‘షల్ ఐ ఓపెన్ ద విండో?’ మిగతాది అగ్రిమెంట్ కాగితాల్లో వెతుక్కోవాలి.

పటమట అమ్మ: ‘ఇఫ్ హి విల్ కమ్, ఐ విల్ టెల్’ కూడా కొట్టేశారండీ.

కృష్ణలంక: అది తెలుగు మీదకి నెట్టకండి. ‘వాడు వస్తే చెప్తా’ అంటాం కదా, ‘వస్తే’లో తాడు ఏదీ? మాస్టారి సూత్రం ప్రకారం చూసినా అక్కడ విల్ రాకూడదు.

బ్రాడీపేట మాస్టారు: ఇది మాత్రం ఒప్పుకుంటా. సాయంత్రం బ్యాచ్‌కి ఇదే చెప్తాను. ఆ మొదటి సూత్రం మాత్రం మానను, కావాలంటే ‘రేపా, రోజూనా’ దానికి తగిలిస్తా.

పటమట అమ్మ: ఇప్పుడే మావాడితో ఆడించా. పది వాక్యాల్లో తొమ్మిది సరిగ్గా చెప్పాడు. ‘అమ్మ రోజూ తిడుతుంది’కి మాత్రం విల్ పెట్టాడు. ఇదేంట్రా అంటే, “రేపు కూడా తిడతావుగా!” అంటున్నాడు.