తడి తగిలితే ఏడ్చే బాబుని ఇంట్లో ఎలా ఆడించాలి?

పర్లాకిమిడి అమ్మ:
మా బాబుకి ఐదేళ్లు, ఆటిజం. మాటలు రాలేదు కానీ మేం తెలుగులో చెప్పినా, అంగన్‌వాడీలో ఒడియాలో చెప్పినా అర్థం చేసుకుంటాడు. చేతికి తడి, జిగురు తగిలితే ఒకటే ఏడుపు. మొన్న యూట్యూబ్‌లో చూసి చెయ్యి పట్టి రంగులో ముంచాను, ఆ పూట అన్నం కూడా ముట్టలేదు, నాకు చాలా బాధేసింది. థెరపీకి వారం వారం బరంపురం వెళ్లడం మావల్ల కాదు. పైగా దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. ఇంట్లో ఉన్నవాటితో ఏం చెయ్యొచ్చు?

బరంపురం, స్పెషల్ టీచర్:
అమ్మా, చెయ్యి పట్టి ముంచడం ఇక వద్దు. మనకి చల్లగా అనిపించేది బాబుకి ముల్లులా ఉండొచ్చు. పొడివాటితో మొదలుపెట్టండి. వేయించిన చోడిపిండి (రాగిపిండి) పళ్లెంలో పోసి మీరే వేలితో గీతలు గీస్తూ కూర్చోండి, బాబుని పిలవకండి. తనే వస్తే గరిటె ఇవ్వండి. గరిటె అలవాటయ్యాక ఒక వేలు, కొన్ని వారాలకి అరచెయ్యి, పిండిలో చెంచాడు నీళ్లు కలపడం ఇంకా చాలా తర్వాత. పక్కనే పొడి తువ్వాలు ఉంచండి, ఎప్పుడైనా తుడుచుకోవచ్చని తెలిస్తే భయం తగ్గుతుంది. శనగలు, బఠాణీలు మాత్రం వద్దు, గొంతుకి అడ్డం పడతాయి.

రాయగడ నాన్న:
అక్కా, మా పాపకీ ఇదే ఇబ్బంది. మేం ముందు ఒళ్లు అలిసే పని పెడతాం, చిన్న బకెట్‌తో మొక్కలకి నీళ్లు మోయడం, తలగడలు ఈ గదిలోంచి ఆ గదిలోకి చేర్చడం లాంటివి. కండరాలకీ కీళ్లకీ బరువు తెలిస్తే కుదుటపడతారని ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) మేడం చెప్పారు. తర్వాత చీర ఉయ్యాలలో మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపుతాం. గుండ్రంగా తిప్పితే మాత్రం ఇంకా రెచ్చిపోతుంది. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రం) ఉందేమో కూడా అడగండి, 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద 18 ఏళ్ల వరకు పిల్లల్ని చూస్తారు.

జైపూర్ (ఒడిశా) నుంచి:
వాటర్ బీడ్స్ (నీళ్లలో వేస్తే ఉబ్బే చిన్న రంగు పూసలు) ఎవరిచ్చినా ఇంట్లోకి రానివ్వకండి. మింగితే కడుపులో ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి, ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు.

పర్లాకిమిడి అమ్మ:
అందరికీ థాంక్స్. నిన్న పిండి పళ్లెం పెడితే గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు. ఇవాళ వచ్చి గరిటె పట్టుకెళ్లిపోయాడు, పిండి తియ్యలేదు, ఉత్త గరిటే. రేపు మళ్లీ పెడతాను.