అను ఫాంట్లలో వచ్చిన తెలుగు మేటరును వెబ్‌సైటులోకి ఎలా మారుస్తున్నారు?

బ్రాడీపేట_వెబ్ (గుంటూరు)
మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక సంస్థకు తెలుగులో వెబ్‌సైటు చేస్తున్నాను. కరపత్రాల కోసం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన మేటరునే వారు పంపారు. బ్రౌజరులో అది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా కనిపిస్తోంది. దీన్ని బ్రౌజర్లు చదివే యూనికోడ్ తెలుగులోకి మార్చే కన్వర్టర్‌లో వేసి దిద్దుకోవడం మేలా, మొత్తం మళ్లీ టైపు చేయించడం మేలా? అనుభవమున్నవారు తెలుపగలరు.

డీటీపీ_నుంచి_వెబ్‌కు (గవర్నర్‌పేట)
మేటరు ఎక్కువగా ఉంటే కన్వర్టరే మేలండి, కానీ దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. అను ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టుకుని, వాటిని కంటికి కనిపించే వరుసలో, అంటే ముందు గుణింతంతో కూడిన అక్షరాన్నీ ఆ తరువాత ఒత్తునూ నిలుపుతాయి. యూనికోడ్‌లో గుణింతపు గుర్తు ఒత్తులన్నీ అయ్యాకే వస్తుంది. ‘స్త్రీ’ అన్న మాటనే తీసుకుంటే సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, చివరన గుడి దీర్ఘం ఉండాలి. కన్వర్టరు తడబడేది ఇలాంటి చోటే. అందువల్ల నేను అసలు ఫైలును పీడీఎఫ్‌గా తీసి పక్కన పెట్టుకుని, జంట ఒత్తులున్న మాటలను ఒక్కొక్కటిగా సరిచూస్తాను. ‘వెబ్‌సైటు’ కాస్తా ‘వెబ్సైటు’గా మారిపోవడం మరో తలనొప్పి, పొల్లు తరువాత కంటికి కనిపించని విడదీత గుర్తును చేత్తో చేర్చాల్సి ఉంటుంది.

బెంజ్‌సర్కిల్_ఫ్రీలాన్సర్
అంత శ్రమ ఎందుకు? కరపత్రాన్నే ఫొటోగా పెట్టేస్తే సరిపోదా? నా క్లయింట్లు అదే అడుగుతున్నారు.

లబ్బీపేట_కోడర్
సరిపోదండి. ఫొటోలోని ధరను ఎవరూ కాపీ చేసుకోలేరు, చూపు లేనివారి స్క్రీన్ రీడరు దాన్ని చదవలేదు, ఫోనులో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. బ్రాడీపేట గారు, యూనికోడ్‌లోకి మార్చాక కూడా రెండు విషయాలు చూసుకోండి. ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్లలో లైన్ హైట్ (అక్షరాల సైజుతో పోలిస్తే ఒక్కో వరుస ఎత్తు) తరచుగా 1.2 ఉంటుంది, శీర్షికల కింద ఒత్తులు తెగిపోకుండా నేను దానిని 1.6కు పెంచుతాను. రెండవది, పేజీ చిరునామాలో తెలుగు పెట్టకండి. ‘మిర్చి’ యూనికోడ్‌లో 6 గుర్తులే అయినా, వాట్సాప్‌లో అతికించిన లింకులో 54 అక్షరాలుగా సాగవచ్చు.

డీటీపీ_నుంచి_వెబ్‌కు
దిద్దుబాటుకు పేజీకి ఇంత అని కొటేషన్‌లోనే విడిగా రాయండి. సైటు ధరలో కలిపితే, ఆ పని ఎప్పటికీ ఉచితమేనని వారు అనుకుంటారు.

బ్రాడీపేట_వెబ్
అందరికీ ధన్యవాదాలు. సంస్థ పరిచయాన్ని కన్వర్టరులో వేసి సరిచూస్తాను. తేజ, బాడిగ మిర్చి రకాల ధరలు మాత్రం రోజూ మారతాయి కాబట్టి, వారి గుమాస్తాయే ఫోనులోని తెలుగు కీబోర్డుతో నింపుకునేలా ఒక ఫారం తయారు చేసి ఇస్తాను.