పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు నెమ్మది, వైఫై బలహీనం: డిస్ట్రో మార్చాలా, లోపం వేరేచోట వెతకాలా?

పలకాబలపం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తాను. ప్రశ్నపత్రాలు, పిల్లల గోడపత్రిక, శిక్షణ తరగతుల నోట్సు అన్నీ 2015లో కొన్న ల్యాప్‌టాప్ మీదే తయారుచేసుకుంటాను. అందులో ఐదో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 జాబితాలో ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లకు దాదాపు చోటు లేదని తెలిసి ఉబుంటు 24.04 అనే లినక్స్ డిస్ట్రో (లినక్స్‌తో కూర్చిన ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నాను. రెండు నెలలు ఓపికగా వాడాక కూడా మూడు ఇబ్బందులు తీరలేదు.

మొదటిది వైఫై. రౌటర్ పక్కన కూర్చుంటే పనిచేస్తుంది; పక్క గదిలోకి వెళితే నెట్‌వర్క్ పేరు కూడా కనబడదు, అదే గదిలో ఫోనుకు మాత్రం సిగ్నల్ నిండుగా ఉంటుంది. రెండోది వేగం. లాగిన్ అయ్యాక ఫైర్‌ఫాక్స్ తెరుచుకోవడానికి నిమిషం పైగా పడుతోంది, నాలుగు ట్యాబులు తెరిస్తే మౌస్ కూడా కదలదు. మూడోది తెలుగు టైపింగ్. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయడం నాకు అలవాటు, కానీ ఇక్కడ సెట్టింగుల్లో వట్టి ‘తెలుగు’ అన్న కీబోర్డు ఒక్కటే కనబడుతోంది.

తెలిసినవారిని అడిగితే ఒకరు మింట్ అన్నారు, ఒకరు ఫెడోరా అన్నారు, మరొకరు మన దేశంలోనే తయారైన బాస్ వేసుకోమన్నారు. నాకున్నది రోజుకు 2 జీబీ మొబైల్ డేటా. ఉబుంటును ఇన్‌స్టాల్ చేసే ఐఎస్‌ఓ ఫైలు సుమారు 6 జీబీ ఉండటంతో దాన్ని దించుకోవడానికే మూడు రోజులు పట్టింది. అందుకే మరో డిస్ట్రోకు దిగేముందు అడుగుతున్నాను: ఈ మూడింటిలో డిస్ట్రో వల్ల వచ్చినవి ఏవి, డిస్ట్రో మార్చినా నా వెంటే వచ్చేవి ఏవి?

నల్లతెర

మాస్టారూ, మీరు చివర అడిగిన ప్రశ్నను చాలామంది నాలుగు డిస్ట్రోలు మార్చి అలసిపోయాక గానీ అడగరు. ముందుగా అడిగారు కనుక సగం శ్రమ తప్పింది. వైఫై డ్రైవరు (ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉండేది కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ అన్నీ ఆ ఒకే లినక్స్ కెర్నెల్‌ను వేర్వేరు వెర్షన్లలో తీసుకుంటాయి. కాబట్టి డ్రైవరుకు సంబంధించిన లోపం సాధారణంగా డిస్ట్రో మారినా అలాగే ఉంటుంది. కెర్నెల్ వెర్షన్ మారినప్పుడో, డ్రైవరుకు ఇచ్చే సెట్టింగు మారినప్పుడో మాత్రమే పోతుంది.

మొదట మీ వైఫై చిప్ ఏదో తెలుసుకోవాలి. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో, పలికే తీరులో రాస్తున్నాను. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టండి. ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అని రాసి, ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి ‘ఎన్‌ఎన్‌కే’ అని చేర్చితే కంప్యూటరులో ఉన్న పరికరాలూ, ఒక్కోదానికి ప్రస్తుతం ఏ డ్రైవరు పనిచేస్తోందీ వరుసగా వస్తాయి. అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ దగ్గర ‘ఆర్‌టీఎల్8723బీఈ’ అని ఉంటే మీ కథ నాకు కొంత తెలిసినట్టే. ఆ కాలంలో ఈ చిప్ ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో కార్డుకు రెండు యాంటెన్నా సాకెట్లు ఉన్నా, తయారుచేసినవారు తీగను ఒక్కదానికే కలిపారు. డ్రైవరు ఆ రెండింటిలో తీగ లేని సాకెట్టును ఎంచుకుంటే చెవులు మూసుకుని విన్నట్టే ఉంటుంది. రౌటర్ పక్కన పనిచేసి పక్క గదిలో మాయమవడం దానికి సరైన లక్షణం.

పరీక్ష చాలా తేలిక. ‘సుడో మోడ్‌ప్రోబ్ హైఫన్ ఆర్’ కమాండుతో ఆ డ్రైవరును మెమరీ నుంచి తీసేసి, మళ్లీ ఎక్కించేటప్పుడు దాని పేరు తర్వాత ‘యాంట్ అండర్‌స్కోర్ సెల్ ఈక్వల్స్ 2’ అని చేర్చండి. మార్పు కనబడకపోతే 2 బదులు 1 పెట్టి చూడండి. ఈ విధంగా ఇచ్చిన సెట్టింగు రీస్టార్ట్ చేయగానే పోతుంది, కనుక యంత్రానికి ఏ ప్రమాదమూ లేదు. గుణం కనబడిన తర్వాతే దాన్ని శాశ్వతం చేయాలి: ‘ఈటీసీ’ ఫోల్డరులోని ‘మోడ్‌ప్రోబ్ డాట్ డీ’లో ‘కాన్ఫ్’ అనే పొడిగింపుతో ఒక ఫైలు సృష్టించి, అందులో ‘ఆప్షన్స్’ అన్న మాటతో మొదలుపెట్టి డ్రైవరు పేరు, ఈ సెట్టింగు ఒకే వరుసలో రాస్తే చాలు.

సిగ్నల్ నిండుగా ఉండి కూడా కనెక్షన్ తెగిపోతుంటే అది వేరే జబ్బు. ఉబుంటులో నెట్‌వర్క్ మేనేజర్ వైఫైకి పవర్ ఆదాను అప్రమేయంగా (మనం చెప్పకుండానే) ఆన్ చేసి ఉంచుతుంది. దాని కాన్ఫిగరేషన్ ఫైలులో ‘వైఫై పవర్‌సేవ్’ ఎదురుగా ఉన్న 3ను 2గా మార్చితే ఆగిపోతుంది. ఒక విన్నపం: ఇంటర్నెట్‌లో ఈ చిప్ కోసం విడిగా కంపైల్ చేసుకోమని చెప్పే డ్రైవర్లు దొరుకుతాయి. వాటిని ఆఖరి మార్గంగానే చూడండి. వాటిని ప్రతి కెర్నెల్ అప్‌డేట్ తర్వాతా మళ్లీ నిర్మించాల్సి వస్తుంది, సెక్యూర్ బూట్ (కంప్యూటరు ఆన్ అయ్యేటప్పటి భద్రతా తనిఖీ) ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని డ్రైవరును కెర్నెల్ తిరస్కరిస్తుంది.

వేగం గురించి నేను ఇంకా ఏమీ చెప్పను, ఎందుకంటే కారణం ర్యామో డిస్కో తేలలేదు. మౌస్ ఆగిపోయే సమయంలో ‘టాప్’ కమాండు నడిపి, పైన సీపీయూ వరుసలో ‘డబ్ల్యూఏ’ ముందున్న అంకె చూడండి. అది పెద్దదిగా ఉంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్కు కోసం ఎదురుచూస్తున్నట్టు. ఆ తర్వాత ఉబుంటులో ముందే ఉండే ‘డిస్క్స్’ అప్లికేషన్ తెరిచి స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే పద్ధతి) వివరాల్లో రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడైతే బదులు చోటుకు మార్చినవి), పెండింగ్ సెక్టార్లు ఎన్ని ఉన్నాయో ఇక్కడ రాయండి.

ల్యాబ్ ఇన్‌ఛార్జ్

నల్లతెర గారి వైఫై నిర్ధారణతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ వేగం విషయంలో డిస్ట్రోకు సంబంధమే లేదన్న భావన మాస్టారికి కలగకూడదు. పదిహేను పాత కంప్యూటర్లున్న ల్యాబును నేను నిర్వహిస్తున్నాను, అన్నిటిలోనూ 4 జీబీ ర్యామే ఉంది. ఆ పరిమితిలో డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ (తెర మీద మెనూలు, కిటికీలు చూపే భాగం) ఎంపిక నిజంగా లెక్కలోకి వస్తుంది. ఉబుంటులోని గ్నోమ్ లాగిన్ అయిన వెంటనే 1 జీబీ దాటి వాడుకుంటుంది. మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ అంతకంటే కొన్ని వందల ఎంబీ తక్కువతో సరిపెట్టుకుంటుంది. 16 జీబీ ఉన్న యంత్రంలో ఈ తేడాకు అర్థం లేదు, మీ దగ్గర మాత్రం అది రెండు బ్రౌజరు ట్యాబుల విలువ.

ఫైర్‌ఫాక్స్ మొదటిసారి తెరుచుకోవడంలో ఆలస్యానికి ఇంకో కారణం ఉంది. 22.04 నుంచి ఉబుంటు దాన్ని స్నాప్ రూపంలోనే ఇస్తోంది. స్నాప్ అంటే అప్లికేషనూ దానికి కావలసిన లైబ్రరీలూ కుదించి ఉంచిన ఒక ఫైల్‌సిస్టమ్. తెరిచేటప్పుడు అందులోంచి విప్పి చదవాలి. ఎస్‌ఎస్‌డీ మీద ఇది అంతగా తెలియదు, తిరిగే డిస్కు మీద బాగా తెలుస్తుంది. మింట్ స్నాప్‌ను ముందుగా పెట్టదు, ఫైర్‌ఫాక్స్‌ను మామూలు డెబ్ ప్యాకేజీగానే (ఉబుంటు, మింట్‌లు సాధారణంగా వాడే ఇన్‌స్టాల్ ఫైలుగానే) ఇస్తుంది. అయితే దీనికోసమే డిస్ట్రో మార్చనక్కరలేదు: మొజిల్లా కూడా 2024 నుంచి తన సొంత రిపాజిటరీలో (సాఫ్ట్‌వేర్ భాండాగారంలో) డెబ్ ప్యాకేజీ ఇస్తోంది, దాన్ని ఉబుంటులో చేర్చుకోవచ్చు.

మీకు చెప్పిన పేర్లలో ఫెడోరా మంచి డిస్ట్రో, నా సొంత కంప్యూటరులో అదే వాడతాను. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి స్వాప్‌గా (ర్యామ్ నిండినప్పుడు ఆదుకునే చోటుగా) వాడే జెడ్‌ర్యామ్ పద్ధతిని 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి అది అప్రమేయంగా ఇస్తోంది, తక్కువ ర్యామ్ ఉన్నచోట అది వరమే. కానీ ఆరు నెలలకొక కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కో వెర్షన్‌కు మద్దతు సుమారు 13 నెలలే. రోజుకు 2 జీబీ డేటాతో ఆ అప్‌డేట్ల వెంట పరుగెత్తడం మీకు భారమవుతుంది. ఉబుంటు 24.04కు, దాని పునాది మీద నిర్మించిన మింట్ 22 శ్రేణికి 2029 వరకు మద్దతు ఉంది. జెడ్‌ర్యామ్‌ను వాటిలోనూ ఒక చిన్న ప్యాకేజీతో పెట్టుకోవచ్చు. మింట్ ఐఎస్‌ఓ సుమారు 3 జీబీయే.

బాస్ విషయానికొస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ దాన్ని డెబియన్ ఆధారంగా తయారుచేసింది. తెలుగుతో సహా భారతీయ భాషలకు అందులో ఉన్న సదుపాయాల్లో నిత్యం అవసరమయ్యేవి మిగతా డిస్ట్రోల రిపాజిటరీల్లోనూ దొరుకుతాయి, కనుక టైపింగ్ కోసమే దానికి మారవలసిన పని లేదు.

ప్రూఫ్‌రీడర్

మూడో ఇబ్బంది నా రంగానిది కనుక దాని గురించే రాస్తాను. మీకు సెట్టింగుల్లో కనబడిన ‘తెలుగు’ ఇన్‌స్క్రిప్ట్ తరహా కీబోర్డు, అంటే మీటలకు నేరుగా తెలుగు అక్షరాలనే కేటాయించినది. ఇంగ్లిష్ అక్షరాలతో రాసే పద్ధతులు విడి ప్యాకేజీలో ఉంటాయి. దాని పేరు ‘ఐబస్-ఎం17ఎన్’. అది వేశాక తప్పనిసరిగా లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. అలా చేయక, ప్యాకేజీ పనిచేయలేదనుకుని తీసేసినవారిని చాలామందిని చూశాను. తర్వాత సెట్టింగుల్లో కీబోర్డు, అందులో ఇన్‌పుట్ సోర్సెస్ దగ్గర ప్లస్ గుర్తు నొక్కి తెలుగును ఎంచుకుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన వంటి పేర్లు వస్తాయి. ‘ఏ-ఎం-ఎం-ఏ’ నొక్కితే ‘అమ్మ’ రావాలనుకునే మీకు ఆర్‌టీఎస్ సరిపోతుంది. విండోస్ మీటను పట్టుకుని స్పేస్ నొక్కితే తెలుగుకు, ఇంగ్లిషుకు మధ్య మారవచ్చు.

డెస్క్‌టాప్‌ను బట్టి తేడా వచ్చేది ఇక్కడే. గ్నోమ్‌లో ఐబస్ (ఈ టైపింగ్ పద్ధతులను నడిపే ప్రోగ్రాము) కలిసిపోయి ఉంటుంది. కేడీఈ ప్లాస్మా అనే మరో డెస్క్‌టాప్‌ను వేలాండ్ (తెర మీద కిటికీలు చూపే కొత్త పద్ధతి) సెషన్‌లో వాడేవారు మాత్రం సిస్టమ్ సెట్టింగుల్లో వర్చువల్ కీబోర్డు అన్న చోటికి వెళ్లి ఐబస్‌ను ఎంచుకోవాలి. ఆ పేరు చూసి అది తెర మీది కీబోర్డుకు సంబంధించినదనుకుని ఎవరూ తెరవరు.

ప్రశ్నపత్రాలు అన్నారు కనుక లిబ్రే ఆఫీస్ గురించి కూడా చెప్పాలి. అది తెలుగును కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (అక్షరాలు కలిసి రూపం మారే లిపుల) వర్గంలో చేర్చి, ఇంగ్లిషు ఫాంటును, తెలుగు ఫాంటును విడివిడిగా గుర్తుంచుకుంటుంది. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో భాషల విభాగం తెరిచి ఆ సదుపాయం ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆ తర్వాత ఫాంటును పదేపదే మార్చకుండా స్టైల్‌లోనే తెలుగుకు ఏ ఫాంటు కావాలో ఒకసారి పెట్టుకోండి. ఉబుంటు, డెబియన్, మింట్‌లలో ‘ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా’ ప్యాకేజీతో పోతన 2000, వేమన 2000 వస్తాయి. పిల్లల పాఠానికి ఆ గుండ్రని అక్షరం కళ్లకు హాయిగా ఉంటుంది. మీ పాత ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో ఉంటే మాత్రం అవి యూనికోడ్ కావు. లినక్స్‌లో తెరిస్తే అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులే కనబడతాయి, వాటిని కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒత్తులు, పొల్లులు ఒకసారి దిద్దుకోవాలి. ఏ డిస్ట్రోకు వెళ్లినా ఈ పని తప్పదు.

పలకాబలపం

మీ ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. చిప్ అదే. సెట్టింగు 2 ఇవ్వగానే పక్క గదిలోనే కాదు, వసారాలో కూడా నెట్‌వర్క్ పట్టుకుంది. ఫైలులో రాసి రీస్టార్ట్ చేశాను, నిలిచింది. ఆర్‌టీఎస్ కూడా వచ్చింది. ఈ మాటలు దానితోనే రాస్తున్నాను.

వేగం దగ్గర మాత్రం మనసు కలవరపడింది. యంత్రం స్తంభించినప్పుడు ‘డబ్ల్యూఏ’ 80 దాటుతోంది. స్మార్ట్ వివరాల్లో రీఅలొకేటెడ్ సెక్టార్లు 112, పెండింగ్ సెక్టార్లు 24 అని ఉన్నాయి. పదేళ్ల ప్రశ్నపత్రాలు, పిల్లలు రాసిన కథలు ఇందులోనే ఉన్నాయి. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొనాలనుకుంటున్నాను. ఎలాగూ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి కనుక అప్పుడు మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేస్తే సబబేనా?

నల్లతెర

సబబే, ల్యాబ్ ఇన్‌ఛార్జ్ గారి లెక్క మీ ర్యామ్‌కు సరిగ్గా సరిపోతుంది. వైఫై సెట్టింగు ఫైలును మింట్‌లోనూ అదే చోట పెట్టండి. కానీ ఆ పనులన్నీ తర్వాత. పెండింగ్ సెక్టార్లు అంటే డిస్కు చదవలేకపోయిన చోట్లు. అవి ఉన్న డిస్కు మీద ఇక కొత్తగా ఏమీ రాయకండి, ఐఎస్‌ఓను కూడా దాని మీదకు దించకండి. ఈ రోజే ఒక బయటి డిస్కు గానీ పెన్‌డ్రైవ్ గానీ పెట్టి, సినిమాలూ పాటలూ వదిలేసి, మళ్లీ దొరకని వాటిని ముందు కాపీ చేయండి: మొదట పిల్లల కథలు, ఆ తర్వాత ప్రశ్నపత్రాలు. ఏదైనా ఫైలు దగ్గర కాపీ ఆగిపోతే దానితో పోరాడకుండా దాటి ముందుకు వెళ్లండి, మొండికేసిన వాటిని చివర చూద్దాం. కాపీ అయిన వాటిలో కొన్నింటిని మరో కంప్యూటరులో తెరిచి చూసుకున్న తర్వాతే పాత డిస్కును విప్పండి.