బ్లూటూత్‌ల మాట్లాడుతుంటే జేబుల ఫోన్ మ్యూట్ అయితున్నది: తప్పు గ్లాసుదా, సెట్టింగుదా?

నకిరేకల్ నవాబు: బ్లూటూత్ పెట్టుకొని ఫోన్ అంగీ జేబుల వేస్తే కాల్ నడుమ మ్యూట్ పడుతున్నది, ఒక్కోసారి హోల్డ్‌ల పోతున్నది. ఆండ్రాయిడ్ ఫోన్. ఏం చెయ్యాలె?

మిర్యాలగూడ స్క్రూడ్రైవర్: ముందు టెంపర్డ్ గ్లాసు పీకు. చవక గ్లాసు నల్ల అంచు ప్రాక్సిమిటీ సెన్సర్ మీద పడుతది. ఆ సెన్సర్ కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వదిలి, తగిలి తిరిగొచ్చేదాన్ని చూసి చెవి దగ్గరున్నదా లేదా చెప్తది. నడుమ దుమ్ము చేరినా తప్పు చెప్తది. శాంసంగ్ అయితే *#0*#, షావోమీ అయితే *#*#6484#*#* కొట్టి పరీక్ష చెయ్.

పాలమూరు పవర్‌బటన్: అన్నా, ఆయన బ్లూటూత్ అన్నడు. స్పీకర్, ఇయర్‌ఫోన్, బ్లూటూత్‌ల ఏది నడిచినా కాల్ యాప్ ఆ సెన్సర్‌తోని స్క్రీన్ ఆర్పదు. టైమౌట్ అయ్యేదాక స్క్రీన్ వెలుగుతనే ఉంటది. చెమటకు తడిసిన పలుచని అంగీ స్క్రీనుకు అతుక్కుంటే టచ్‌కు అది వేలు లెక్కనే.

నవాబ్ సాబ్, కాల్ ఎత్తినంక హోం నొక్కు, ఆ తర్వాత పవర్ బటన్ ఒక్కసారి నొక్కి జేబుల వెయ్. హోం ఎందుకంటే, కాల్ స్క్రీన్ ముందుండంగ లాక్ చేస్తే, మళ్ల వెలిగినప్పుడు లాక్ మీదనే మ్యూట్, హోల్డ్ బటన్లు వస్తయి. రెండుసార్లు తడితే వెలిగేది, ఎత్తితే వెలిగేది రెండూ ఆఫ్ చెయ్. స్క్రీన్ ఒంటి దిక్కు గాకుండ బయటి దిక్కు ఉంచు.

స్క్రూడ్రైవర్: శాంసంగ్‌ల డిస్‌ప్లే సెట్టింగుల్ల 'యాక్సిడెంటల్ టచ్ ప్రొటెక్షన్' ఉన్నది. అది జేబుల చీకటిని ఎట్ల పసిగడ్తది? సెన్సర్‌తోనే గదా! గ్లాసు మంచిగ లేకుంటే అదీ పనిచెయ్యదు.

పవర్‌బటన్: గ్లాసు అడ్డం పడితే లక్షణం ఉల్టా ఉంటది. చెవికాడ పెట్టి మాట్లాడి దించినా స్క్రీన్ నల్లగనే ఉంటది, కాల్ కట్ చెయ్యరాదు. ఈయనకు నల్లగ కాదు, టచ్ పడుతున్నది.

దేవరకొండ దోస్త్: పవర్ నొక్కితే నాది కాలే కట్ అయితున్నది 😡

పవర్‌బటన్: యాక్సెసిబిలిటీల 'పవర్ బటన్‌తో కాల్ ముగించు' ఆన్ ఉన్నది. ఆఫ్ చెయ్. ఐఫోన్‌ల గూడ, ఐఓఎస్ 16 నుంచి, యాక్సెసిబిలిటీ – టచ్ కింద 'ప్రివెంట్ లాక్ టు ఎండ్ కాల్' ఉన్నది.

స్క్రూడ్రైవర్: ఆఫ్ చెయ్ అని అలకగ అంటున్నవ్. రిపేరుకు వచ్చే పెద్దమనుషులకు ఆ సెట్టింగ్ మేమే ఆన్ చేసిస్తం. ఎర్ర బటన్ దొరకక కాల్ అట్లనే నడుస్తుంటది వాళ్లకు. హోం నొక్కు, పవర్ నొక్కు, ఎటు తిప్పి వెయ్యాల్నో చూడు... చదువుకున్నోడికి చెప్పే మందు ఇది. స్పీకర్‌ల ఉన్నా సెన్సర్ పనిచేస్తే ఈ లొల్లే లేదు. తప్పు తయారు చేసినోళ్లదే.

పవర్‌బటన్: ఇప్పుడు అసలు మాట అన్నవ్, మొదటి నుంచి గ్లాసు గ్లాసు అనుకుంట! స్పీకర్‌ల సెన్సర్ నడిస్తే ఇంకో లొల్లి. గ్యాస్ బుకింగ్‌కు చేసి '1 నొక్కండి' అన్నప్పుడు చెయ్యి సెన్సర్ మీదికి పోతే స్క్రీన్ ఆరిపోతది. మీ పెద్దమనుషులే మళ్ల మీ దుకాణానికొస్తరు.

స్క్రూడ్రైవర్: డయల్ ప్యాడ్ తెరిచినప్పుడు సెన్సర్ బంద్, మూసినప్పుడు చాలూ. అంత కష్టమా?

పవర్‌బటన్: కష్టం కాదు. కానీ ఇయ్యాల జేబుల ఉన్న ఫోన్ల అది లేదు. నవాబ్ సాబ్ అడిగింది ఇయ్యాల్టి ఫోన్ గురించి.

నకిరేకల్ నవాబు: హోం, పవర్ చేసిన. ఇప్పటికైతే మ్యూట్ పడ్తలేదు. మా నాయనకు మాత్రం ఏ సెట్టింగ్ పెట్టాలె? ఆయనకు పవర్‌తోనే కట్ చేసుడు అలవాటు.

దేవరకొండ దోస్త్: బటన్ ఉన్న వైరు ఇయర్‌ఫోన్ ఇయ్యి. దాంతోనే కట్ చేస్తడు, పవర్ సెట్టింగ్ ఆఫ్ చెయ్యచ్చు.

స్క్రూడ్రైవర్: ఆయన స్పీకర్‌లనే మాట్లాడుతడేమో, ముందు అది అడుగు.