గగౌజియా సర్దుకుంది, ట్రాన్స్‌నిస్ట్రియా ఎందుకు సర్దుకోలేదు?

1989 ఆగస్టు 31న, అప్పట్లో సోవియట్ యూనియన్‌లో భాగమైన మోల్డోవా లాటిన్ లిపిలో మోల్డోవన్‌ను రాజభాష చేసింది. మరుసటి ఏడాది ఆగస్టులో మోల్డోవా దక్షిణాన ఉన్న గగౌజియాలోని గగౌజ్‌లు, సెప్టెంబరులో తూర్పున డ్నీస్టర్ నది అంచున ఉన్న ట్రాన్స్‌నిస్ట్రియా వాళ్లు విడిపోతున్నామన్నారు. ఒకచోట 1994లో స్వయంప్రతిపత్తి చట్టంతో గొడవ చల్లారింది. రెండోచోట 1992లో యుద్ధమే జరిగింది, చిక్కుముడి ఇప్పటికీ అలాగే ఉంది.

మొదట జాతిభేదమే కారణం అనుకున్నాను, లెక్క కుదరలేదు. గగౌజ్‌లది తుర్కిక్ భాష, అసలు తేడా వాళ్లదే! 1989 జనగణనలో ట్రాన్స్‌నిస్ట్రియాలో పెద్ద వర్గం మోల్డోవన్లే, దాదాపు 40 శాతం. తర్వాత ట్రాన్స్‌నిస్ట్రియా ముఖ్య పట్టణం తిరాస్పోల్‌లోని సోవియట్ 14వ సైన్యం (తర్వాత రష్యా చేతికి వెళ్లింది), డ్నీస్టర్‌కి ఎడమ ఒడ్డున, అంటే ట్రాన్స్‌నిస్ట్రియా వైపున ఉన్న భారీ పరిశ్రమలు, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏది ముందో తేలడం లేదు, బుర్ర వేడెక్కిపోయింది.

ఫ్యాక్టరీల పెద్దల భయమా, సైన్యం అండా, యుద్ధానికి అసలు కారణం ఏది?