డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంటర్వ్యూ: రెండేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టాలా, ఫ్రెషర్ అనే పోవాలా?

సూర్యాపేట పోరడు:
అన్నలకు అక్కలకు నమస్తే. నాది బీఎస్సీ కంప్యూటర్స్, 2023 పాసౌట్. అమీర్‌పేట్ మైత్రీవనం కాడ మూడు నెలలు డెస్క్‌టాప్ సపోర్ట్ కోర్స్ చేసిన, ఎస్సార్ నగర్ హాస్టల్ల ఉంటున్న. మొన్న ఒక కన్సల్టెన్సీ ఆయన ఫోన్ జేసి గచ్చిబౌలిల ఎల్1 (యూజర్ల కాల్స్ మొదట ఎత్తే సపోర్ట్) పోస్ట్ ఉంది, గురువారం ఇంటర్వ్యూ, కాకపోతే వాళ్లకు రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నోళ్లే కావాలె, ఆఫర్ లెటర్ పేస్లిప్పులు రిలీవింగ్ లెటర్ అన్నీ మేమే తయారు జేసిస్తం, 25 వేలు అయితది అన్నడు. రూమ్మేట్లల్ల ఇద్దరు పెట్టెయ్ అంటున్నరు, ఒకడు వద్దంటుండు. ఇంటికాడ చెప్తే బాపు ఇంకేం అడగలే, ఎప్పటికి కట్టాలె అన్నడంతే. ఫ్రెషర్ అని పెడితే నాలుగు నెలల సంది ఒక్క కాల్ లేదు. మీరైతే ఏం జేస్తరు, నిజం జెప్పున్రి.

నైట్‌షిఫ్ట్ భాయ్:
పెట్టెయ్ తమ్మీ, ఇంత ఆలోచన ఎందుకు. నేను 2017ల ఏడాదిన్నర పెట్టుకొని ఎక్కిన, ఇప్పుడు దాని పై మెట్టు ఎల్2ల ఉన్న, నా కింద పనిచేసే సగం మందిది నా కథే. అసలు ఎల్1ల చేసే పనేంది? పాస్‌వర్డ్ రీసెట్, ఔట్‌లుక్ తెరుచుకుంటలేదు, ప్రింటర్ల కాగితం ఇరికింది. దీనికి రెండేళ్లు కావాల్నా? వాళ్లు మాత్రం హరిశ్చంద్రులా, డే షిఫ్ట్ అని చెప్పి చేర్చుకొని పదిహేను రోజులకే రాత్రి తొమ్మిదిన్నరకు క్యాబ్ పంపుతరు. మనకొక్కళ్లకే నీతులు.

కాకినాడ టు మాదాపూర్:
భాయ్ చెప్పినంత తేలిక కాదండి. నేను సర్వీస్ డెస్క్ లీడ్‌ని, ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చుంటా. ఓఎస్ఐలో (నెట్‌వర్క్ పనిని మెట్లుగా చూపే మోడల్) ఎన్ని లేయర్లు, డీఎన్ఎస్ (పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చేది) పోర్ట్ ఎంత, ఇలాంటివి నేను అడగను, 7 అనీ 53 అనీ నిద్రలో లేపినా చెప్తారు అమీర్‌పేట్ నుంచి వచ్చినోళ్లు. నేనడిగేది వేరు. మీ షిఫ్ట్ అయిపోయేటప్పుడు తర్వాతి వాళ్లకిచ్చే హ్యాండోవర్‌లో ఏం రాసేవారు? యూజర్ కంప్లైంట్ టికెట్ మీ క్యూలో పడ్డాక మొదట చూసేదేంటి? ఒక యూజర్ అకౌంట్ అన్‌లాక్ చేసిన పది నిమిషాలకే మళ్లీ లాక్ అయిపోతోంది, ఎందుకు? నిజంగా చేసినోడైతే ఆ మూడోదానికి నవ్వుతూ చెప్తాడు, యూజర్ పాస్‌వర్డ్ మార్చుకున్నాడు గానీ ఫోన్‌లో మెయిల్‌కి పాతదే ఉండిపోయింది, అది ఊరికే ట్రై చేసి లాక్ చేస్తోంది సార్, లేదంటే విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాతది సేవ్ అయి ఉంది అని. పేపర్ మీద రెండేళ్లు ఉన్నోడు "మళ్లీ రీసెట్ చేస్తాను సార్" అంటాడు.

ఇంకోటి చెప్పనా. 2024 జూలై 19 శుక్రవారం గుర్తుందిగా, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి తేడా కొట్టి ప్రపంచం మొత్తం మీద 85 లక్షల విండోస్ మెషీన్లు బ్లూ స్క్రీన్ అయిపోయాయి, మన శంషాబాద్‌లో బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చిన ఫొటో కూడా తెగ తిరిగింది. రెజ్యూమేలో ఆ టైముకి సపోర్ట్‌లో ఉన్నట్టు ఉంటే, ఆ రోజు మీరేం చేశారని అడుగుతా. ఒకబ్బాయి "ఆ రోజు లీవ్ సార్" అన్నాడు. సరే, సోమవారం వచ్చాక ఏం చేశారన్నా. నీళ్లు నమిలాడు పాపం.

నైట్‌షిఫ్ట్ భాయ్:
ఇదేం ప్రశ్న అన్నా, ఆ సాఫ్ట్‌వేర్ లేని ఆఫీసులు లేవా? మా దగ్గర అప్పుడు లేనే లేదు, మరి నేను కూడ ఫేకేనా?

కాకినాడ టు మాదాపూర్:
ఏ మాత్రం కాదు. ఆ సాఫ్ట్‌వేర్ లేని ఆఫీసువాళ్లైతే "మాకు తగల్లేదు సార్, కానీ మాది కూడా పోతుందా అని పొద్దున్నుంచీ యూజర్లు ఒకటే కాల్స్" అంటారు. ఆ మాట చాలు నాకు. సేఫ్ మోడ్‌లోకెళ్లి ఆ పాడైన అప్‌డేట్ ఫైల్ డిలీట్ చెయ్యడం దాకా రాకపోయినా పర్లేదు, ఆ రోజు సపోర్ట్ సీట్లో కూర్చున్నోడికే ఆ మాట వస్తుంది.

బీజీవీలో పోయినోడు:
నేను పెట్టాను. ఇంటర్వ్యూ అయింది, చేరాను, నాలుగు నెలలు పని కూడా బాగానే చేశాను, మేనేజర్ మెచ్చుకున్నాడు కూడా. ఒకరోజు మధ్యాహ్నం హెచ్ఆర్ పిలిచి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ (బీజీవీ) రిపోర్ట్ ముందు పెట్టింది, సాయంత్రానికి ల్యాప్‌టాప్ ఐడీ కార్డ్ తీసేసుకుని పంపించేశారు. ఎక్కడ దొరికానో చెప్తా వినండి. పీఎఫ్. 20 మంది పైన ఉన్న కంపెనీ అయితే 15 వేల లోపు జీతగాళ్లకి పీఎఫ్ కట్టి తీరాలి కదా, నా పేస్లిప్‌లో బేసిక్ 11 వేలు చూపించి, 200 మంది ఉన్న కంపెనీ అని లెటర్‌హెడ్ మీద వేశారు మహానుభావులు. యూఏఎన్ (మన పీఎఫ్ నంబర్) మీద సర్వీస్ హిస్టరీ తీస్తే ఆ కంపెనీయే లేదు. కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే స్విచాఫ్. నాకు ఇంకా బాధేంటంటే ఆ నాలుగు నెలల నిజమైన ఎక్స్‌పీరియన్స్ కూడా ఇప్పుడు చెప్పుకోలేను, రిలీవింగ్ లెటర్ ఇవ్వరు, అదేమో పీఎఫ్‌లో కనిపిస్తూనే ఉంటుంది, ప్రతి కొత్త ఇంటర్వ్యూలో అడుగుతారు.

నైట్‌షిఫ్ట్ భాయ్:
అది నీ కన్సల్టెన్సీ వాడి చెత్త పని భయ్యా. 2017ల ఇట్ల లేకుండే, గిప్పుడు గట్టిగైంది, ఒప్పుకుంట. అయినా అన్ని కంపెనీలు అంత లోతుగ చూడవు.

సీటీసీ స్క్రూడ్రైవర్:
నేనో మాట అడుగుతా లీడ్ గారిని. నేను సికింద్రాబాద్ సీటీసీలో, అదే ఆ కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌లో, ఒక షాపులో రెండేళ్లు పనిచేశా, నిజంగా. రోజుకి పదిహేను ఇరవై మెషీన్లు విప్పి బిగించా, ర్యామ్, ఎస్ఎస్‌డీ, డేటా రికవరీ, పార్క్‌లేన్ చుట్టూ ఉన్న ఆఫీసులకి పోయి స్విచ్‌లు కేబుల్స్ వేశా. జీతం చేతికి క్యాష్, పీఎఫ్ లేదు, లెటర్ అడిగితే ఓనర్ బిల్ బుక్ వెనకాల రాసిచ్చాడు. ఇంటర్వ్యూలో అన్నీ చెప్పా, టెక్నికల్ క్లియర్. హెచ్ఆర్ మాత్రం ప్రూఫ్ లేదు కాబట్టి ఫేక్ కింద లెక్క అంది. అబద్ధం పెట్టినోడికి పదహారు కాగితాలు ఉన్నాయి, నాకు వేలికి తగిలిన గాట్లు ఉన్నాయి. ఈ రెండేళ్ల రూల్ పెట్టిందెవరు మీరా?

కాకినాడ టు మాదాపూర్:
మేం కాదండి. క్లయింట్ కాంట్రాక్ట్‌లో ఉంటుంది, ఇన్ని సీట్లకి ఇంత ఎక్స్‌పీరియన్స్ అని, దాన్ని బట్టే బిల్లింగ్. టీమ్‌కి ఫ్రెషర్ చాలు అని నేనే రెండుసార్లు రాశాను, కదల్లేదు. మీ విషయంలో జరిగింది తప్పే, దానికి నా దగ్గర సమాధానం లేదు. భాయ్ కోపం ఇక్కడ కరెక్టే, ఆయన చెప్పిన దారి మాత్రం కుర్రాడి పీకకి చుట్టుకుంటుంది.

కూకట్‌పల్లి అక్క:
మీరిద్దరూ కొట్టుకుంటుంటే ఆ పిల్లాడికి గురువారం వచ్చేస్తుంది! తమ్ముడూ, ఆ 25 వేలు ఎవరికీ ఇవ్వకు, ముందది. నేను వాయిస్ ప్రాసెస్ నుంచి సర్వీస్ డెస్క్‌కి మారినప్పుడు నాకూ ఐటీ ఎక్స్‌పీరియన్స్ సున్నా. ఇంట్లో 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్లోనే ఇంకో కంప్యూటర్ నడిపేది) వేసుకున్నా, విండోస్ సర్వర్ ఎవాల్యుయేషన్ ఫ్రీగా వస్తుంది 180 రోజులకి, దాన్ని డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు లాగిన్లన్నీ చూసుకునే సర్వర్) చేసి ఇంకో విండోస్‌ని దానికి జాయిన్ చేద్దామని చూస్తే రెండు రాత్రులు అవ్వలేదు. ఒకటి హోమ్ ఎడిషన్ డొమైన్‌లో జాయిన్ అవ్వదు, ఆ సంగతి నాకప్పుడు తెలీదు. రెండోది క్లయింట్‌లో డీఎన్ఎస్ అడ్రస్ సర్వర్‌ది ఇవ్వాలి, నేను రౌటర్‌ది వదిలేశా. ఇంటర్వ్యూలో ఈ రెండు రాత్రుల కథే చెప్పా, వాళ్లు అదే పట్టుకుని పావుగంట అడిగారు. రెజ్యూమేలో "హోమ్ ల్యాబ్" అని ధైర్యంగా రాయి.

ఇంకా, నెట్ రావట్లేదు అంటే గబుక్కున ఐపీకాన్ఫిగ్ (ఐపీ అడ్రస్ చూపించే కమాండ్) అనెయ్యకు. నీ ఒక్కడికేనా పక్కవాళ్లకి కూడానా, నిన్న వచ్చిందా, ఏమైనా మార్చారా, అవి అడిగాక ఐపీ చూడు. 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లు పంచేది) నుంచి అడ్రస్ రాలేదని, అప్పుడు కేబుల్, స్విచ్ పోర్ట్ చూడు, తర్వాత రిలీజ్ రెన్యూ, అంటే ఆ అడ్రస్ వదిలి మళ్లీ అడగడం. ఇంగ్లీష్ గురించి భయపడకు, మెల్లగా మాట్లాడితే చాలు, కోపంగా ఉన్న యూజర్‌తో ఎలా మాట్లాడతావో చూస్తారు గానీ యాస చూడరు. నేను కాల్‌సెంటర్‌లో తిన్న తిట్లన్నీ అక్కడే పనికొచ్చాయి మరి.

నైట్‌షిఫ్ట్ భాయ్:
అక్క చెప్పిన ల్యాబ్ మాట మంచిగుంది. కానీ రెజ్యూమె పైకి పోనీయకపోతే ఆ కథ ఎవరు వింటరు? నాలుగు నెలలు కాల్ లేదంటుండు గదా.

కూకట్‌పల్లి అక్క:
వాకిన్‌లకి పోవాలి భాయ్, రాయదుర్గం మెట్రో దిగి పొద్దున్నే లైన్లో నిలబడాలి. నేను ఆరు తిరిగా. చెమట, అవమానం రెండూ ఫ్రీ.

సూర్యాపేట పోరడు:
అందరికి థాంక్స్. అప్‌డేట్ ఇస్తున్న. కన్సల్టెన్సీ ఆయనకు వద్దని చెప్పిన, నీలాంటోళ్లు ఊర్లకు పోయి దుకాణం పెట్టుకోవాలె అని ఫోన్ పెట్టేసిండు. గురువారం అటు పోకుండ మాదాపూర్‌ల ఒక వాకిన్‌కు పోయిన. ట్రెయినింగ్, హోమ్ ల్యాబ్ అని ఉన్నదున్నట్టు చెప్పిన (ల్యాబ్ ఆదివారం సంది బుధవారం రాత్రి దాక గోకిన, అక్క చెప్పిన డీఎన్ఎస్ తప్పు నేను కూడ చేసిన). 169.254 అడిగిండ్రు, చెప్పిన. అకౌంట్ లాక్ అడిగిండ్రు, కాకినాడ అన్న పుణ్యమా అని చెప్పిన. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఫీచర్) రికవరీ కీ అడుగుతుంది యూజర్ మెషీన్, ఏం జేస్తవ్ అంటే ఆగిపోయిన. హోల్డ్‌ల పెట్టిన్రు. మా రూమ్మేట్ ఒకడు ఆ 25 వేలు కట్టి గచ్చిబౌలి దాంట్ల సెలెక్ట్ అయిండు, నిన్న రాత్రి పార్టీ ఇచ్చిండు, బిర్యానీ నేను కూడ తిన్న. వాని వెరిఫికేషన్ ఇంక కాలే.

నైట్‌షిఫ్ట్ భాయ్:
చూసినవా మరి.

బీజీవీలో పోయినోడు:
నాలుగు నెలలాగి అడుగు భాయ్ వాణ్ని.

సూర్యాపేట పోరడు:
అది వదిలేయున్రి అన్నా, రేపు ఇంకో వాకిన్ ఉంది, ఆ బిట్‌లాకర్ సంగతి చెప్పున్రి ఎవరన్న.

కాకినాడ టు మాదాపూర్:
కీ 48 అంకెలు ఉంటుంది. ఏడీలో (యాక్టివ్ డైరెక్టరీ, ఆఫీసు యూజర్లు, కంప్యూటర్ల లిస్ట్ ఉండేది) సేవ్ అయ్యేలా కంపెనీ పెట్టుకుని ఉంటే, ఆ కంప్యూటర్ ప్రాపర్టీస్ తెరిస్తే బిట్‌లాకర్ రికవరీ ట్యాబ్‌లో కనిపిస్తుంది, క్లౌడ్ వాడే ఆఫీసైతే మైక్రోసాఫ్ట్ వాళ్ల డివైస్‌లు చూసుకునే ఇంట్యూన్‌లో ఆ డివైస్ కింద చూడాలి. యూజర్ స్క్రీన్ మీద కీ ఐడీ ఒకటి కనిపిస్తుంది, దాని మొదటి 8 అక్షరాలు అడిగి అదే కీ అని సరిచూసుకో. వీటన్నిటికంటే ముందు ఫోన్లో ఉన్నది నిజంగా ఆ మెషీన్ ఉద్యోగేనా అని వెరిఫై చేస్తానని చెప్పు, అది చెప్పకుండా కీ చదివేస్తానన్నవాణ్ని నేనైతే అక్కడే ఆపేస్తా.